'స్పైస్' ఆల్బమ్ ఎవరి చేతి పని? ఒక ప్రచారానికి ఖండన

అమ్మాయిల పాప్ బృందాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక రాత చేతులు మారుతూ మళ్ళీ మళ్ళీ మన ముందుకు వస్తోంది. బ్రిటన్‌కు చెందిన స్పైస్ గర్ల్స్ బృందం తొలి ఆల్బమ్ 'స్పైస్' అసలు సంగీతమే కాదని దాని సారాంశం. పత్రికలో ప్రకటన ఇచ్చి పోగుచేసిన ఐదుగురు అమ్మాయిలు మేనేజర్లు ఆడించినట్టల్లా ఆడారట. పాటలన్నీ వేరేవాళ్ళు రాసిపెట్టినవేనట. పాడటం చేతగాని గొంతులను ఆటోట్యూన్ అనే, శ్రుతిని దిద్దే సాఫ్ట్‌వేర్‌తో సరిచేశారట. 'వానబీ' తప్ప మిగిలిన తొమ్మిది పాటలూ చోటు నింపడానికి పెట్టినవట. 'గర్ల్ పవర్' అన్న మాట సరుకు మీద అంటించిన చీటీయేనట. చిన్నపిల్లలు కొన్నాళ్ళు ముచ్చటపడి ఆ తరువాత మరిచిపోయారట. ఈ మాటలను చదివినవారిలో చాలామంది ఆల్బమ్‌ను ఒక్కసారైనా పూర్తిగా వినకుండానే నమ్మి, మరొకరికి పంపుతున్నారు. 1997లో క్యాసెట్ రూపంలో నా చేతికి వచ్చిన నాటి నుంచి ఈ పది పాటలను వింటూనే ఉన్నాను. అయితే నా ఇష్టాన్ని సాక్ష్యంగా చూపి వాదించడం సరికాదు కనుక, ఒక్కొక్క ఆరోపణను తీసుకొని, తెలిసిన వాస్తవాలతోనూ పాటల్లో వినిపించే ఆధారాలతోనూ సమాధానం చెబుతాను.

ప్రకటన సంగతి నిజమే. 1994లో లండన్‌లో 'ది స్టేజ్' అనే రంగస్థల పత్రికలో హార్ట్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ళ లోపు అమ్మాయిలు కావాలని ప్రకటన ఇచ్చింది. దాదాపు నాలుగు వందల మంది వచ్చారు. సంస్థను నడిపిన బాబ్ హెర్బర్ట్, ఆయన కుమారుడు క్రిస్ హెర్బర్ట్ వారిలోంచి బృందాన్ని ఎంపిక చేశారు. మొదట ఎంపికైన మిషెల్ స్టీవెన్సన్ వెళ్ళిపోగా ఆ స్థానంలోకి ఎమ్మా బంటన్ వచ్చింది. మెలనీ బ్రౌన్, మెలనీ చిషోమ్, జెరి హాలివెల్, విక్టోరియా ఆడమ్స్‌లతో కలిసి ఐదుగురూ మెయిడెన్‌హెడ్ అనే ఊళ్ళో ఒకే ఇంట్లో ఉండి సాధన చేశారు. ప్రచారంలో ఉన్న రాత కథను ఇక్కడితో ఆపేస్తుంది. ఆల్బమ్‌కు సంబంధించినంతవరకు అసలు కథ మొదలయ్యేది ఇక్కడే.

1995 మార్చిలో ఆ ఐదుగురు తమను ఎంపిక చేసిన సంస్థనే వదిలిపెట్టి వెళ్ళిపోయారు. అప్పటికి ఒప్పందం మీద సంతకాలు కాలేదు. పాటల విషయంలో, నడవవలసిన దారి విషయంలో సంస్థ ఆలోచన ఒకటైతే వీరి ఆలోచన మరొకటి. చేతిలో డబ్బు గానీ వెనుక రికార్డు కంపెనీ గానీ లేని ఆ స్థితిలో వారు షెఫీల్డ్‌లో ఉన్న ఎలియట్ కెన్నెడీ అనే పాటల రచయితను వెతుక్కుంటూ వెళ్ళి, ఆయనతో కూర్చుని పాటలు కట్టారు. 'లవ్ థింగ్', 'సే యూల్ బి దేర్' అలా పుట్టినవే. సైమన్ ఫుల్లర్ మేనేజర్‌గా వచ్చింది ఆ తరువాతే. తోలుబొమ్మలు తమ తాళ్ళు తామే తెంపుకొని మరో ఊరికి వెళ్ళి తమకు కావలసిన పాట కట్టించుకోవడం ఎక్కడైనా ఉంటుందా? ఆ తరువాత వర్జిన్ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరినప్పుడు కూడా, మొదటి సింగిల్‌గా, అంటే ఆల్బమ్ కన్నా ముందు విడిగా విడుదలయ్యే పాటగా, 'వానబీ' వద్దని, మరింత నునుపైన పాట ఏదైనా ముందు విడుదల చేద్దామని సంస్థ పెద్దలు భావించగా, 'వానబీ'యే ముందు రావాలని పట్టుబట్టింది ఈ ఐదుగురే. అమెరికన్ శ్రోతల అభిరుచికి తగినట్టు డేవ్ వే అనే మిక్సింగ్ ఇంజనీరు చేత చేయించిన మిక్స్‌ను నచ్చలేదని పక్కన పెట్టించింది కూడా వీరే. 1996 జులైలో విడుదలైన ఆ పాట బ్రిటన్‌లో ఏడు వారాలు, మరుసటి ఏడాది అమెరికాలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1997 నవంబరులో సైమన్ ఫుల్లర్‌ను తప్పించి, తమ వ్యవహారాలు తామే చూసుకున్నారన్నది కూడా అందరికీ తెలిసిన విషయమే.

ఎంపిక పోటీ ద్వారా రావడమే ఒక లోపమైనట్టు మాట్లాడటం తెలుగువారి నోట మరీ వింతగా ఉంటుంది. అదే 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. వందలమందిని వడపోసి వేదిక ఎక్కించిన ఆ గాయనీగాయకులను తయారుచేసిన సరుకు అని మనలో ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమూ లేదు. తలుపు ఎవరు తీశారన్నది ఒక విషయం, లోపలికి వెళ్ళి ఏం చేశారన్నది మరో విషయం.

రెండవ ఆరోపణ, పాటలు ఇతరులు రాసిపెట్టారన్నది. నా దగ్గరున్న క్యాసెట్ లోపలి మడత కాగితం ఇప్పుడు మడతల దగ్గర చిరిగిపోయింది గానీ అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. పది పాటల్లో ప్రతిదాని కిందా రచయితల పేర్లలో స్పైస్ గర్ల్స్ అన్న పేరు ఉంటుంది. ఆ పేరు పక్కన ఒకచోట రిచర్డ్ స్టానర్డ్, మాట్ రో ఉంటారు, మరొకచోట అబ్సల్యూట్ అనే పేరుతో పనిచేసిన పాల్ విల్సన్, ఆండీ వాట్కిన్స్ ఉంటారు, ఇంకొకచోట ఎలియట్ కెన్నెడీ ఉంటారు. వృత్తి రచయితలు ఉన్నారన్నది ఎవరూ దాచలేదు. రచయితలుగా తమకు వచ్చే వాటాను ఐదుగురూ సమానంగా పంచుకోవాలని ముందే నిర్ణయించుకున్నారు కనుక, ఏ వాక్యం ఎవరిదో ఆ కాగితం చెప్పదు. ఆరోపణ చేసేవారు ఈ ఖాళీని వాడుకుంటారు. అయితే ఆ గదిలో కూర్చుని పనిచేసినవారి మాటలు ఉన్నాయి. జెరి తన నోటుపుస్తకం నిండా ఊహలు, వాక్యాలు రాసుకొని తెచ్చేదని, గదిలో ఒకపక్క పాట కడుతుండగానే మరోపక్క దానికి తగిన అడుగులు వేసి చూసుకునేవారని సహరచయితలే తరువాతి కాలంలో చెప్పారు. 'వానబీ' విన్నవారికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. అడుగుల చప్పుడు, మెలనీ బ్రౌన్ నవ్వు, వెంటనే ఆమె, జెరి ఒకరి మాట మీద ఒకరు పడుతూ సాగించే ప్రశ్నోత్తరాలు: ఇది ఒంటరిగా బల్ల ముందు కూర్చుని రాసే రచన తీరు కాదు, ఒకే ఇంట్లో ఏడాదిపాటు కలిసి బతికినవారి మాటల తీరు.

ఒకవేళ పాటలన్నీ ఇతరులే రాశారని వాదన కోసం ఒప్పుకున్నా, దానివల్ల ఆల్బమ్ విలువ తగ్గుతుందా? ఆత్రేయ రాసిన పాట కనుక అది సుశీల పాట కాదని మనం ఎన్నడైనా అన్నామా? రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఒకరు, పాడేవారు ఒకరుగా ఉండే పద్ధతిలో పుట్టిన పాటలను గుండెల్లో పెట్టుకున్న జాతి మనది. అమెరికాలో సుప్రీమ్స్ బృందానికి హాలండ్, డోజియర్, హాలండ్ త్రయం రాసిచ్చిన పాటలను గొప్పవిగా ఒప్పుకునే విమర్శకులే ఈ ఐదుగురి దగ్గరికి వచ్చేసరికి కొలత మార్చడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆటోట్యూన్ ఆరోపణకు జవాబు తేదీల్లోనే ఉంది. ఆండీ హిల్డెబ్రాండ్ రూపొందించిన ఆ సాఫ్ట్‌వేర్ మార్కెట్లోకి వచ్చింది 1997లో. 'స్పైస్' బ్రిటన్‌లో విడుదలైంది 1996 నవంబరు 4న. పుట్టని పనిముట్టుతో గొంతులు సరిచేయడం సాధ్యం కాదు. బాగా కుదిరిన టేకులను ముక్కలుగా ఏరి అతకడం, ఒక గొంతు మీద మరో గొంతు పొరలుగా వేయడం ఆనాటి స్టూడియోలన్నింటిలో జరిగేదే. మన సినిమా పాటల రికార్డింగులోనూ అది మామూలు పనే. ఐదు గొంతులూ ఒకే స్థాయివి అని నేను అనను. విక్టోరియాకు 'వానబీ'లో విడిగా ఒక్క వాక్యమైనా లేదు. జెరి గొంతుకు విస్తృతి తక్కువ, ఆమె బలం పలుకులో ఉంది. కానీ 'సే యూల్ బి దేర్' చివరి నిమిషంలో బృందమంతా పల్లవి పట్టుకుని ఉండగా, ఆ పల్లవి పైన మెలనీ చిషోమ్ గొంతు విడిపోయి పైస్థాయికి ఎక్కే తీరును ఒకసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. మెలనీ బ్రౌన్ గొంతులోని జీర, ఎమ్మా గొంతులోని మెత్తదనం పక్కపక్కన వచ్చినప్పుడు, కళ్ళు మూసుకున్నా ఎవరు పాడుతున్నారో చెప్పగలం. బృందగానంలో గొంతులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండాలని కోరేవారికి ఇది లోపంగా కనిపించవచ్చు. నాకు మాత్రం ఈ ఆల్బమ్‌ను మిగిలినవాటి నుంచి వేరుచేసే గుణం ఇదే.

ఒకే పాట ఆల్బమ్ అన్న మాటకు లెక్క చెబితే చాలు. 'వానబీ', 'సే యూల్ బి దేర్', 'టు బికమ్ వన్', రెండు ముఖాల సింగిల్‌గా వచ్చిన 'మామా', 'హూ డు యూ థింక్ యూ ఆర్', ఈ నాలుగు విడుదలలూ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరాయి. అంటే పదింటిలో సగం పాటలు. అయినా అమ్మకాల లెక్క సంగీతానికి సాక్ష్యం కాదు గనుక పాటల్లోకే వెళ్దాం. 'సే యూల్ బి దేర్' నడుమ వచ్చే హార్మోనికా జడ్ ల్యాండర్ వాయించినది. అంతవరకు సింథసైజర్ల మీద నడుస్తున్న పాటలోకి అది మనిషి ఊపిరి లాగా ప్రవేశిస్తుంది. 'టు బికమ్ వన్'లో తీగవాద్యాల కూర్పు స్కాట్లాండ్ స్వరకర్త క్రెయిగ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది; గొంతులకు ఎక్కడా అడ్డురాకుండా, వాక్యం ముగిసిన చోట మాత్రమే పైకి లేచి మళ్ళీ తగ్గే ఆ కూర్పును చోటు నింపడానికి ఎవరూ చేయించరు. 'హూ డు యూ థింక్ యూ ఆర్' డిస్కో నడకలో, ఇత్తడి వాద్యాల హోరుతో, పేరు ప్రఖ్యాతుల మత్తు గురించి హెచ్చరించే పాట. తమకు ఇంకా పేరు రాకముందే పేరు గురించి ఇలా పాడటం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 'లాస్ట్ టైమ్ లవర్', 'సంథింగ్ కైండా ఫన్నీ' నాకు కూడా పలచగా అనిపిస్తాయి. ఆ రెండింటినీ కాపాడవలసిన అవసరం నాకు లేదు. రెండు పలచని పాటలు ఉన్నంత మాత్రాన తొమ్మిదింటినీ కొట్టిపారేయడం న్యాయం కాదు.

'గర్ల్ పవర్' విషయంలో ఆరోపణకు కొంత బలముందని ఒప్పుకోవాలి. ఆ మాటను వీరు పుట్టించలేదు. 1990ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో బికినీ కిల్ బృందం వంటివారి పంక్ ఉద్యమంలో అది ముందే ఉంది. వీరి చేతికి వచ్చాక శీతల పానీయాల నుంచి చిప్స్ పొట్లాల దాకా అన్నింటి మీదా వీరి బొమ్మలు వెలిశాయి. అవన్నీ ఆల్బమ్ బయట జరిగినవి. ఆల్బమ్ లోపల ఏముందో చూడాలి. 'వానబీ'లో అమ్మాయి తన వెంటపడే అబ్బాయికి షరతు పెడుతుంది: నా స్నేహితురాళ్ళతో కలిసిపోగలిగితేనే నా దగ్గరికి రా అని. ప్రేమపాటలో ప్రియుడి కన్నా స్నేహానికి పెద్దపీట వేయడం ఆనాటి పాప్ పాటల్లో ఎంత అరుదో, ఆ కాలపు పాటలు వింటూ పెరిగినవారికి తెలుస్తుంది. 'టు బికమ్ వన్' పూర్తిగా శృంగార గీతం. అయినా అందులోనే కండోమ్ వాడమని అమ్మాయే సున్నితంగా, సిగ్గుపడకుండా చెబుతుంది. కోట్లమంది కౌమార వయస్కులు వినే పాటలో, ఎయిడ్స్ భయం ఇంకా నీడలా వెంటాడుతున్న ఆ సంవత్సరాల్లో, ఆ ఒక్క మాట ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. 'మామా' విన్నప్పుడల్లా మాత్రం నాకు మరో ఆలోచన వస్తుంది. అల్లరి వయసులో తల్లితో పడ్డ గొడవలను తలుచుకొని, ఇప్పుడు అర్థమైందని ఒప్పుకునే పాట అది. చివర గాయకబృందం తోడై పల్లవి పెద్దదవుతుంది. పాట వీడియోలో ఐదుగురి తల్లులూ కనిపిస్తారు. మా ఇంట్లో ఇంగ్లీషు పాటలంటే గిట్టని మా అమ్మ, క్యాసెట్ రెండో వైపు మొదట్లో వచ్చే ఆ పాటను ఒకసారి అర్థం చెప్పించుకొని విని, మళ్ళీ పెట్టమన్నది. అంటించిన చీటీ అయితే ఆమె దాకా చేరేది కాదని నా నమ్మకం.

ఇక మిగిలింది, పిల్లలు ముచ్చటపడి మరిచిపోయారన్న మాట. పిల్లలు విన్నారు, నిజమే. పిల్లలకు నచ్చడం ఏ పాటకూ తప్పు కాదు. ప్రపంచవ్యాప్తంగా రెండు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడై, అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ 1997 సంవత్సరాంత పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన ఆల్బమ్‌ను పిల్లలొక్కరే కొన్నారనడం పొసగదు. మరిచిపోయారా లేదా అన్నది పరీక్షించి చూసినవారు కూడా ఉన్నారు. మాంచెస్టర్‌లోని సైన్స్, పరిశ్రమల మ్యూజియం, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి, ప్రజలు ఏ పాటను ఎంత త్వరగా గుర్తుపడతారో కొలిచే ఒక ఆటను నిర్వహించింది. 2014లో ప్రకటించిన ఫలితాల్లో అన్ని పాటలకన్నా ముందుగా గుర్తుపట్టిన పాట 'వానబీ'. విడుదలైన పద్దెనిమిదేళ్ళ తరువాత ఆ పాటను పోల్చుకోవడానికి శ్రోతలకు పట్టిన సగటు సమయం 2.29 సెకండ్లు.