పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టేదెవరు?

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట చూడాలి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. అలా నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండని బిడ్డకి 60, ఏడాదిలోపు బిడ్డకి 50, ఆపైన ఐదేళ్లలోపు పిల్లలకి 40. దగ్గుతో ఉన్న బిడ్డ ఊపిరి ఆ అంకెకి చేరిందంటే న్యుమోనియా అని అనుమానించాల్సిందే. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే ఇక ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకూడదు.

ఈ పరీక్షకి ఎక్స్‌రే అక్కర్లేదు, స్టెతస్కోపు కూడా అక్కర్లేదు. పాపువా న్యూగినీలోని గొరోకాలో పనిచేసిన ఫ్రాంక్ షాన్, ఆయన తోటి డాక్టర్లు 1984లోనే ఊపిరి వేగాన్ని బట్టి ఎవరికి మందు ఇవ్వాలో, ఎవరిని ఆసుపత్రిలో చేర్చాలో తేల్చవచ్చని చూపించారు. మందు కూడా చవకే. నీళ్లలో కరిగే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర చాలామందికి సరిపోతుంది. అయినా 2019లో ఐదేళ్లలోపు పిల్లలు 7.4 లక్షల మంది న్యుమోనియాతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నైజీరియా, పాకిస్థాన్, కాంగో, ఇథియోపియాలతో పాటు మన దేశం కూడా ఆ భారం ఎక్కువగా మోస్తోంది.

కాళేశ్వరం దగ్గర నది దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ చేసిన పని గుర్తు చేసుకోవాలి. ఊళ్లో కాన్పులు చేసే మంత్రసానులకి న్యుమోనియా గుర్తుపట్టడం, మందు ఇవ్వడం నేర్పారు. వాళ్లలో చాలామందికి చదువు లేదు, యాభై దాకా లెక్క రాదు. అందుకని ఒక నిమిషం ఇసుక గడియారం, కొన్ని పూసలు కలిపి చిన్న పరికరం చేసి ఇచ్చారు. పది ఊపిర్లకి ఒక పూస జరపాలి. ఇసుక జారిపోయేలోపు చివరి పూస దాకా వచ్చిందంటే న్యుమోనియా. 1990లో ఆ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఆరోగ్య కార్యకర్తలు, మంత్రసానులు చూసిన 612 కేసుల్లో చనిపోయింది 0.8 శాతమే. ఈ ఏర్పాటు లేని పక్క ఊళ్లలో 13.5 శాతం.

నా అభిప్రాయంలో ఈ రోగంతో పోయే పిల్లల్లో ఎక్కువమందిని చంపుతున్నది ఆలస్యం. సాయంత్రం మొదలైన ఆయాసాన్ని తల్లి "నెమ్ము చేసింది, తెల్లారేసరికి తగ్గుతుందిలే" అనుకుంటుంది. కూలికి పోయిన భర్త రావాలి, చేతిలో డబ్బులుండాలి, బండి దొరకాలి. అల్లూరి సీతారామరాజు జిల్లా గూడేల్లో అయితే డోలీ మోసేవాళ్లు దొరకాలి. పొట్ట మీద వాతలు పెట్టించే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆ తల్లిని తప్పుపట్టలేం. ఆ రాత్రి ఆమె గడపలోకి వచ్చి నిమిషం లెక్కపెట్టే మనిషి ఉండాలి, ఆ మనిషి సంచిలో మందు ఉండాలి.

పిల్లల న్యుమోనియా చావుల్ని తగ్గించడానికి 2019లో కేంద్రం మొదలుపెట్టిన 'సాన్స్' కార్యక్రమం ప్రకారం ఆశా కార్యకర్త మొదటి మోతాదు అమాక్సిసిలిన్ ఇచ్చి ఆసుపత్రికి పంపొచ్చు. మంచిదే. కానీ పంపితే వెళ్లలేని ఇళ్లకి ఒక్క మోతాదు సరిపోదు. గడ్చిరోలిలో ఊళ్లోవాళ్ల చేత పూర్తి వైద్యమే చేయించారు. ఆశాల చేతికి యాంటీబయాటిక్స్ ఇస్తే విచ్చలవిడిగా వాడేస్తారని కొందరు డాక్టర్ల భయం. ఆ భయం అబద్ధం కాదు, కానీ చూడాల్సిన చోటు వేరే. పట్నంలో మామూలు జలుబుకి కూడా ఇవే మందులు రాసేస్తున్నాం. పల్లెలో ఆర్‌ఎంపీ లెక్కపెట్టకుండానే సూది వేస్తున్నాడు. ఊపిరి లెక్కపెట్టి, అవసరమైన బిడ్డకే మందు ఇచ్చే మనిషిని మాత్రం మనం నమ్మలేకపోతున్నాం!

టీకా కొంత కాపాడుతోంది. 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన పీసీవీ (న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా నుంచి కాపాడే టీకా) 2021 నుంచి దేశమంతా ఉచితం: ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలలో. అయితే వైరస్‌ల వల్ల వచ్చే న్యుమోనియాని అది ఆపదు. పొయ్యి పొగ, బరువు తక్కువ పుట్టుక, తిండి చాలకపోవడం దారి తెరిచే ఉంచుతాయి.

ముదిరిన కేసుకి కావాల్సింది ఆక్సిజన్. పాపువా న్యూగినీలో ఐదు ఆసుపత్రులకి గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్‌సెంట్రేటర్లు, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్లు ఇచ్చాక న్యుమోనియా పిల్లల్లో చావు ముప్పు 35 శాతం తగ్గింది. కరోనా తర్వాత మన దగ్గరా ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు. ఈ చలికాలం రాకముందే ప్రతి పీహెచ్‌సీ సమీక్షలో మూడు ప్రశ్నలు అడగాలి. పసిబిడ్డ ముక్కుకి పట్టే సన్న గొట్టం ఉందా? బుల్లి వేలికి సరిపోయే ఆక్సీమీటర్ క్లిప్పు ఉందా? ఆశా సంచిలో అమాక్సిసిలిన్ ఎన్ని రోజులకి సరిపడా ఉంది?