నా ఫొటో, కింద ప్రకటన

మా పర్లాకిమిడికి నేను చదివే తెలుగు పేపరు రావడం మానేసి నాలుగో నెల. ఒకరోజు పొద్దున్నే పేపరు బదులు ఏజెంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఊరు మొత్తానికి ఇరవై మూడు కాపీలు మాస్టారూ. ఇరవై మూడింటికి వేన్ తిప్పితే డీజిలు డబ్బులు కూడా రావంట. ఆంధ్రా వైపు పాతపట్నంలోనే ఆపేస్తారంట."

"మరి మేమేం చదవాలోయ్?"

"ఫోన్లో చదూకోమన్నారు."

పాపం, తను మాత్రం ఏం చేస్తాడు. 2020 లాక్‌డౌన్‌లో పేపరుకి వైరస్ అంటుకుంటుందని జనం ఇస్త్రీ పెట్టి చదివినప్పుడు కూడా సైకిల్ ఆపని మనిషి. ఇప్పుడు అదే సైకిల్ మీద పాల పేకెట్లు వేస్తున్నాడు. "పాలు డిజిటల్ అవ్వవు కదా మాస్టారూ" అన్నాడు వెళ్తూ.

ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. ఇవాళ పేపర్లన్నీ మనం మాట్లాడుకునే తెలుగులో ఉన్నాయంటే అందులో ఆయన పోరు చాలా ఉంది. 1936లో ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. తొంభై ఏళ్ళు ఆలోచించుకుని పేపరు కూడా ఆయన వెనకాలే బయల్దేరింది. పక్కింటి ఒడియా మాస్టారికి మాత్రం 'సమాజ' రోజూ ఠంచనుగా గుమ్మంలో పడుతుంది. దాన్ని విప్పేటప్పుడు ఆయన ఓ దులుపు దులుపుతారు. ఆ చప్పుడు నాకు వినిపించాలనే దులుపుతారని నా అనుమానం.

బెంగళూరు నుంచి మా అబ్బాయి వీడియో కాల్‌లో ఓదార్చాడు. లండన్‌లో ఇండిపెండెంట్ 2016లోనే అచ్చు ఆపేసిందట. వియన్నాలో 1703లో పుట్టిన పేపరు 2023లో రోజూ అచ్చువేయడం మానేసిందట. "మీరిచ్చే డబ్బులు కాగితానికీ, బండికీ ఏ మూలకి నాన్నా? ఖర్చంతా ప్రకటనలు మోసేవి. అవి ఫోన్లోకి వెళ్ళిపోయాయి. పైగా 2022లో రష్యా యుద్ధంతో కాగితం ధర ఎక్కడికో పోయింది" అన్నాడు. వాడు చెప్పినదాంట్లో ఒక్క తప్పూ లేదు. అదే నా బాధ. తప్పుంటే కాసేపు వాదించేవాణ్ణి.

వాడే ఫోన్లో యాప్ పెట్టించాడు. యాప్ తెరవగానే మీ జిల్లా ఏదని అడిగింది. జాబితాలో ఆంధ్ర, తెలంగాణ జిల్లాలన్నీ ఉన్నాయి, మా గజపతి లేదు. చివర్న 'ఇతరులు' అని ఉంది. పుట్టి పెరిగిన ఊళ్ళో కూర్చుని 'ఇతరులు' నొక్కడానికి మనసొప్పక శ్రీకాకుళం నొక్కాను.

ఆ కోపంలోనే సంపాదకుడికి ఉత్తరం రాశాను: సరిహద్దు పాఠకులకు అచ్చు పేపరు ఆపకండని. పాస్‌పోర్టు సైజు ఫొటో జతచేశాను. తొమ్మిదో రోజున పడింది! ఎక్కడా? శ్రీకాకుళం జిల్లా పేజీల్లో. అంటే పేపరు రాని ఊరివాడి గోడు, పేపరు హాయిగా వస్తున్న ఊళ్ళవాళ్ళకి చేరిందన్నమాట.

ఇక ఊరుకుంటానా. యాప్‌లో కత్తెర బొమ్మ ఉంది. అది నొక్కితే పేజీ మీద ఓ నీలం చట్రం వస్తుంది. నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు. ఒక మూల పట్టుకుని లాగితే రెండో మూల జారిపోతుంది. నా బొటనవేలు సుద్దముక్క పట్టుకుని ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద రాసిన వేలు, ఆ చుక్కకి నాలుగింతలుంటుంది. ఎలాగో కత్తిరించి కుటుంబం గ్రూపుకి, రిటైర్డ్ టీచర్లకి, కాశీయాత్ర గ్రూపుకి పంపేసి స్నానానికి వెళ్ళాను.

వచ్చేసరికి పదకొండు మిస్డ్ కాల్స్. పన్నెండోది రాయగడ నుంచి మా వియ్యంకుడు.

"బావగారూ, మాతో ఒక్క మాటైనా అనలేదేం? ఎన్నాళ్ళుగా?"

"ముప్ఫై ఏళ్ళ అలవాటు బావగారూ."

"ముప్ఫై ఏళ్ళా! మరి కూర్చోడం ఎలాగండీ?"

"పొద్దున్నే వాలుకుర్చీలో ఓ గంట కూర్చుంటే గానీ నాకు తృప్తి ఉండదు. ఇప్పుడు రావడం ఆగిపోయింది చూడండి, అదే ఇబ్బంది."

"ఆగిపోతే మంచిదే కదండీ!"

ఏదో తేడాగా ఉందనిపించి ఫోను పెట్టేసి నేను పంపింది తెరిచి చూశాను. చట్రం కిందికి జారిపోయింది. ఉత్తరంలో చివరి వాక్యం ఒక్కటే మిగిలింది: 'ఇకనైనా మా బాధ అర్థం చేసుకోవాలని కోరుతున్నాను.' దాని పక్కన నవ్వుతూ నా ఫొటో. ఫొటో కింద, నా పేరు కన్నా పెద్ద అక్షరాలతో: 'మొలలా? ఆపరేషన్ లేకుండా శాశ్వత విముక్తి!' ఆ కింద ఫోన్ నంబరు.

గబగబా మూడు గ్రూపుల్లోనూ తీసేశాను. లాభం లేదు, కాశీయాత్రవాళ్ళు అప్పటికే దాన్ని ప్రయాగ దాటించేశారు. బరంపురంలో మా పెదనాన్నగారి అబ్బాయి రాత్రి రహస్యంగా ఫోన్ చేసి, "తమ్ముడూ, నీకు నిజంగా తగ్గిందా? అయితే నేనూ వెళ్తాను" అన్నాడు.

అసలు కాగితం చూపిస్తే గానీ నా పరువు నిలబడదని మూడో రోజు సాయంత్రం ఆటో ఎక్కి పాతపట్నం వెళ్ళాను. పేపర్ల కొట్టులో మొన్నటివి మిగల్లేదు. "బజ్జీల బండి కాడ సూడండి, మిగిల్నవి అక్కడికే పోతాయి" అన్నాడు.

తినేవాటిని పేపర్లో చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2023లో గట్టిగానే చెప్పింది. బండివాడు ఆ వార్త కూడా పేపర్లోనే చుట్టేసి ఉంటాడు. మూకుడు పక్కన పేపర్ల దొంతర, గాలికి లేవకుండా పైన సగం ఇటుక. దొంతర నడుమ నుంచి జిల్లా పేజీల చిన్న అంచు కనబడుతోంది.

"ఆ పేపరు ఓసారి ఇస్తావా బాబూ?"

"పేపర్లు అమ్మం బావూ, బజ్జీలు అమ్ముతాం."

"పోనీ, చూసి ఇచ్చేస్తాను."

"బేరం టైములో దొంతర కెలికితే ఎలాగ బావూ? వరస తప్పిపోద్ది."

ప్లేటుకి నాలుగు మిరపకాయ బజ్జీలు, ఒక కాగితం. ఒక ప్లేటు కొన్నాను. సినిమా పేజీ. రెండోది, కబడ్డీ. మూడోదానికి బంగారం ధరలు వచ్చాయి. నాలుగో ప్లేటుకి నా ఫొటో వచ్చింది! ఉత్తరం అక్షరం పోకుండా ఉంది. కాకపోతే నూనె పీల్చి కాగితం అద్దంలా అయింది. వెనక పేజీలోని 'కన్నీటి శ్రద్ధాంజలి' తిరగబడి నా నుదుటి మీద కనిపిస్తోంది.

దాన్ని మడత పడకుండా పట్టుకుని ఇంటికి తెచ్చి మా ఆవిడకి చూపించాను. "ఇది గ్రూపులో పెట్టకండి, ఈసారి దండలు పట్టుకొస్తారు" అంది. బజ్జీలు ముట్టుకోలేదు. డబ్బులు పోసి కొన్నవి పారేయడం నాకు చేతకాదు. పదహారింట్లో దారిలో అయిదు, ఇంట్లో పదకొండు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, నిలబడే ఫోను తీసి, ఆ క్లిప్పింగే మళ్ళీ తెరిచాను. ఉత్తరం జోలికి పోలేదు. కింద నంబరు రాసుకున్నాను.