ఉప్పు డబ్బా ఎవరి చేతిలో ఉంది?

మా బాబాయి బీపీ మాత్రలు ఫ్రిజ్ మీద స్టీలు గ్లాసులో ఉంటాయి. పది మాత్రల స్ట్రిప్పు ఆయనకు నెలకు పైగా వస్తుంది. తల తిరిగినట్టుంటే ఒకటి, పెళ్లి భోజనం చేసొచ్చిన రోజు ఒకటి. రోజూ వేసుకోవాలి కదా అంటే, "మొన్న చూపిస్తే నార్మలే అన్నార్రా" అంటాడు. ఆ నార్మల్ మాత్ర పుణ్యమేనని చెప్పి చెప్పి మేం అలిసిపోయాం. డాక్టరేమో ఉప్పు తగ్గించమంటాడు. ఇంటికొచ్చాక ఆ తిట్లు పిన్నికి. ఆవకాయ జాడీ మాత్రం కదలదు.

బీపీ, షుగర్, గుండెజబ్బు లాంటి వాటికి మనం పెట్టుకున్న పేరు జీవనశైలి వ్యాధులు. నాకా పేరు నచ్చదు. జబ్బేమిటో చెప్పకముందే తప్పు నీదేనని తేల్చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ఇలాంటి అంటని జబ్బులతో పోయినవాళ్లు కనీసం 4.3 కోట్లు. అందులో 1.8 కోట్ల మందికి 70 ఏళ్లు కూడా నిండలేదు. ఆ నిండనివాళ్లలో 82 శాతం పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే. డబ్బున్నవాళ్ల రోగాలన్న మాట ఎప్పుడో పాతబడింది. మన దేశంలో పెద్దల్లో 35.5 శాతం మందికి బీపీ ఉందని, షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. ఇంతమందికీ ఒక్కసారే మనోబలం తగ్గిపోయిందనుకోవాలా?

ఇదే ఉప్పుతో మనం ఒకసారి గెలిచాం. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అక్కడ చాలామందికి అయోడిన్ చాలక గొంతు ఉబ్బే గాయిటర్. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లకు ఆ రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది. ఎవరికీ క్లాసు పీకలేదు, వంట మార్చుకోమనలేదు. మార్చింది కొట్టుకు వచ్చే ఉప్పునే. 1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం వచ్చింది. ఇప్పుడు మనింటి ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అన్న మాటను ఎవరూ చదవను కూడా చదవరు. నివారణంటే ఇలా ఉండాలని నా అభిప్రాయం.

బీపీకీ అలాంటి ఉప్పు ఉంది. చైనా పల్లెల్లో 600 ఊళ్లలో దాదాపు 21,000 మందితో చేసిన ప్రయోగ ఫలితాలు 2021లో వచ్చాయి. సగం ఊళ్లకు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన, అంటే ఆ మేరకు సోడియం తక్కువున్న ఉప్పు ఇచ్చారు. ఆ ఊళ్లలో పక్షవాతం 14 శాతం తక్కువ. మనకిది బాగా నప్పుతుంది. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా ప్యాకెట్ తిండిలోంచి వస్తే, మనకు ఎక్కువ భాగం పోపుల డబ్బా పక్కనున్న ఉప్పు డబ్బాలోంచే వస్తుంది. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటొద్దంటారు. పప్పు, చారు, పచ్చడి, పెరుగులో చిటికెడు కలిపి చూడండి, మధ్యాహ్నానికే దాటేస్తాం.

కానీ ఈ ఉప్పును కళ్లు మూసుకుని రేషన్ షాపుల్లో పంచేయమని నేననను. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు పొటాషియం ప్రమాదం. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకూ అంతే. రామలింగస్వామి పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానం ఉంది, అక్కడ కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను తినేస్తోంది. అక్కడ ముందు రక్తపరీక్ష, తర్వాతే ఉప్పు సంగతి.

మాత్రల సంగతీ ఇంతే. 2017లో తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాల్లో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమం కొత్త మందేమీ కనిపెట్టలేదు. అందరికీ ఒకే వరస మాత్రలు, నెలకు సరిపడా ఒకేసారి, రానివాళ్లకు ఫోనో, ఇంటికెళ్లి పలకరింపో. మా బాబాయికి కావాల్సింది సరిగ్గా ఆ పలకరింపే. ఆయన తిట్లకు లొంగే రకం కాదు గానీ, ఇంటికొచ్చి పేరు పెట్టి అడిగితే మొహమాటపడే రకం.

పోయిన నెల ఆయనకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, డాక్టర్ సరేనన్నాక, సోడియం తక్కువున్న ఉప్పు కోసం పిన్నీ నేనూ కిరాణా కొట్టుకెళ్లాం. కొట్టతను స్టూలెక్కి పై అరలోంచి ప్యాకెట్ తీసి, దుమ్ము దులిపి ఇచ్చాడు. "దీన్ని అడిగేవాళ్లెవరూ లేరండీ" అన్నాడు. పిన్ని ధర చూసి, "ఉప్పుకి ఇంతా?" అని పక్కనున్న మామూలు ప్యాకెట్ అందుకుంది.