అద్దె కట్టని ప్లాక్ గారికి

ప్లాక్ గారూ, నమస్కారం.

గుండె ముందు భాగానికి రక్తం మోసే మా ఎల్‌ఏడీ నాళం గోడలో కొవ్వు పూడికగా ఎన్నేళ్లుగా కాపురముంటున్నారో గానీ, బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టకుండా ఇల్లు సంపాదించింది నాకు తెలిసి మీరొక్కరే.

మొన్న గుండె నాళాల్ని ఫొటో తీసే సీటీ యాంజియో స్కాన్‌లో బయటపడ్డారు. పల్స్ అరవైకి దిగాలని మాత్ర వేసి కూర్చోబెట్టారు. మారతహళ్లి బ్రిడ్జి దాటి వచ్చినవాడికి పల్స్ అరవైకి దిగడమంటే మాటలా? ఎలాగో దిగింది. డై ఎక్కగానే ఒళ్లంతా వేడి, ఊపిరి బిగబట్టమన్నారు, మీ ఫొటో వచ్చేసింది.

ముప్పై శాతం అడ్డం. గుండె నాళాల్లో అడ్డాన్ని కొలిచే క్యాడ్-ర్యాడ్స్ లెక్కలో రెండో గ్రేడు. సున్నా నుంచి అయిదు దాకా ఉండే ఆ లెక్కలో 25 నుంచి 49 శాతం వరకు రెండేనట. ఆఫీసు అప్రైజల్‌లో అయిదుకి రెండొస్తే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాలి. ఇక్కడ రెండొచ్చిందని మా ఆవిడ దేవుడికి దీపం పెట్టింది. నేను మనసులోనే మెస్‌కెళ్లి గోంగూర మటన్ చెప్పేశాను.

అప్పుడు కనిపించాయి, గ్రేడు పక్కనే మూడక్షరాలు: హెచ్‌ఆర్‌పీ. హై రిస్క్ ప్లాక్ అట.

డాక్టరమ్మ స్క్రీన్ మీద చూపించారు. మీరు దారికి పెద్దగా అడ్డం రాకుండా నాళం గోడనే బయటికి నెట్టి గది పెంచుకున్నారు. లోపల నల్లగా కొవ్వు, సీటీలో సాంద్రత కొలిచే హౌన్స్‌ఫీల్డ్ లెక్కలో 30 యూనిట్లు కూడా లేదు. అక్కడక్కడా చుక్కల్లా సున్నం. ఇలాంటి లక్షణాలు రెండుంటే చాలు, ఆ ముద్ర పడుతుందట. మీకు మూడున్నాయి. నాకెప్పుడూ చదువులో ఇన్ని రాలేదు.

డెబ్బై శాతం మూసిన గట్టి ప్లాక్ మెట్లెక్కేటప్పుడైనా ఆయాసంతో హెచ్చరిస్తుంది. మీది నివురుగప్పిన వ్యవహారం. పైన మూత 65 మైక్రాన్లకి, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందానికి, పలచబడితే చిరిగే ప్రమాదం. చిరిగితే అక్కడే రక్తం గడ్డకడుతుంది. పైగా ఆ మూత మందం ఈ సీటీకి అందదట. గుమ్మం ముందు చెప్పులు చూసి లోపలున్నవాడి గుణం చెప్పినట్టే!

అందుకే రోజూ రాత్రి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర. కొన్నాళ్లకి మీలో కొవ్వు తగ్గి, సున్నం పేరుకుని గట్టిపడతారట. అప్పుడు నాళాల్లో సున్నం కొలిచే క్యాల్షియం స్కోరు పెరిగినా కంగారు పడొద్దన్నారు. ఒకరి మనసు కరగాలని మొక్కినవాణ్ణే గానీ, ఒకరు బండబారాలని మొక్కడం ఇదే మొదలు.

నిన్న మెస్ ఓనరు ఆపి, "ఏం సార్, ఇటు రావడమే మానేశారు?" అన్నాడు. మీ పేరే చెప్పాను.

ఇట్లు,
మీ ఇంటి ఓనరు