ఖరీదైన హెయిర్ స్టైలర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ హెయిర్ స్టైలర్ గారికి,

చెన్నై, తిరువాన్మియూర్ నుంచి రాస్తున్నాను. ఉభయకుశలోపరి.

జుట్టుకు వంపులు తిప్పే కరెంటు యంత్రమైన మిమ్మల్ని ఇంటికి తేవాలని మా చెల్లి పట్టుబట్టింది. ఈఎంఐ 12 నెలలు, కార్డు నాది. 40 వేల మాట వినగానే అమ్మ "ఉంగరమైనా వస్తుంది కదే" అంది. అందుకని మీ పుట్టుపూర్వోత్తరాలు కాస్త ఆరా తీశాను.

వంశం గొప్పదే. 2016లో వచ్చిన డైసన్ కంపెనీ హెయిర్ డ్రయ్యర్‌లో మోటారు నిమిషానికి 1,10,000 సార్లు తిరుగుతుందట. మా మిక్సీ చెవిన వేయకండి, చిన్నబుచ్చుకుంటుంది. అదే కంపెనీ వారి 2018 నాటి ఎయిర్‌ర్యాప్ స్టైలర్ అయితే జుట్టును గాలితోనే లాగి గొట్టానికి చుట్టేస్తుంది, వేడి 150 డిగ్రీలు దాటనివ్వదు. ఈ గుణానికి మాత్రం దణ్ణం పెట్టాలి. రంగనాథన్ వీధిలో దొరికే చవక స్ట్రెయిట్‌నర్‌కు ఆన్, ఆఫ్ తప్ప మూడో మాట రాదు. ఎంత కాలిందో కమురు వాసన వచ్చాకే తెలుస్తుంది. కానీ స్వామీ, వేడి తగ్గించుకునే మీట రెండు మూడు వేల రూపాయల రకాలకూ ఉందే! మిగతా డబ్బు దేనికి, డబ్బా అందానికా?

రోజూ తలలు సింగారించే పార్లర్ వాళ్లకో, ఏసీ కారులో ఏసీ ఆఫీసుకు వెళ్లేవాళ్లకో మీరు గిట్టుబాటు కావచ్చు. మా చెల్లిది స్కూటీ. మీరు చేసేదల్లా వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలను వేడితో విడదీసి, చల్లారేలోగా కొత్త వంపులో కుదర్చడం. తేమ తగిలితే ఆ కుదురు కాస్తా చెదిరిపోతుంది. చెన్నైలో తేమ తగలని చోటెక్కడ? టైడల్ పార్క్ సిగ్నల్ దాకా సముద్రపు గాలి, హెల్మెట్ లోపల చెమట. లిఫ్ట్ అద్దంలో చూసుకునేసరికి నెత్తిన హెల్మెట్ అచ్చు తప్ప మీ కర్ల్స్ ఆనవాలుండదు. దాని మీద జీఎస్టీ కూడా కట్టి ఉంటాం.

ఇదే పని మా అమ్మ ఊరికే చేసేది. రాత్రి ఇంకా తడి ఉండగానే రెండు జడలు బిగించి అల్లితే, పొద్దున విప్పాక జుట్టు అలలు అలలుగా ఉండేది. అవే హైడ్రోజన్ బంధాలు, ఆరుతూ ఆరుతూ వాటంతటవే కుదిరేవి. వాట్లు లేవు, వారంటీ లేదు. చప్పుడు మాత్రం మీకంటే ఎక్కువే: "తల కదపకే!"

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. చెల్లికి ఉద్యోగం వస్తే తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ మొక్కుకుంది. ఉద్యోగం వచ్చింది. దేవస్థానం వాళ్లు ఆ జుట్టును వేలం వేస్తారు, అది విగ్గులై విదేశాలకు పోతుంది. అక్కడ ఏ దొరసాని నెత్తిమీదో మీకు మళ్లీ కనబడినా కనబడవచ్చు. చెల్లి మూడు కత్తెరలతో సరిపెడదామని బేరమాడుతోంది, అమ్మ గుండు దగ్గరే ఆగింది. ప్రయాణం దసరా సెలవులకు. ఈఎంఐ అప్పటికి ఇంకా చాలా మిగిలి ఉంటుంది.

దసరా దాటితే మాకు ఈశాన్య రుతుపవనాల వానలు. నాన్న బనియన్లు నాలుగు రోజులైనా ఆరవు. ఆ పని మీరు చేయగలరో లేదో, కార్డు గీకకముందే తెలియజేయగలరు.

ఇట్లు,
కార్డు గల అక్క