అమ్రాబాద్ చీకటికి ఒక కాపలా మనిషి కావాలి

సంక్రాంతి సెలవుల్లో అమ్రాబాద్ దగ్గర మా చిన్నాయన పల్లిచేనులో ఒక రాత్రి మంచె మీద పడుకున్నాను. అడవిపందుల కోసం కాపలా. టార్చి ఆర్పేసి కూర్చున్నాక, కళ్లు చీకటికి అలవాటు పడటానికి పావుగంట పైనే పట్టింది. ఆ తర్వాత ఒక్కో చుక్క వెనక పది చుక్కలు బయటపడ్డాయి. చిన్నాయన పైకి చూసి, "గొర్రుకొయ్యలు నెత్తి మీదికొచ్చినయ్‌రా, పదైంటది" అన్నాడు. ఫోన్ తీసి చూస్తే పదీ అయిదు.

వరుసగా ఉండే ఆ మూడు నక్షత్రాలను ఇంగ్లిష్ పుస్తకాలు ఒరాయన్ అనే వేటగాడి నడికట్టు అంటాయి. మా వాళ్లకు అవి విత్తనాలు వేసే గొర్రుకున్న కొయ్యలు. వాటికి కాస్త పైనే మృగశిర. జూన్‌లో సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరికి వచ్చిన రోజులే మృగశిర కార్తె. అప్పుడు గొర్రుకొయ్యలు సూర్యుడి వెలుగులో కలిసిపోయి రాత్రిపూట కనపడవు. ఆకాశంలో గొర్రు మాయమైన రోజుల్లోనే చేలో గొర్రు దిగుతుందన్నమాట. ఇంత లెక్క తెలిసిన మనుషులున్న ప్రాంతం మనది. ఆ లెక్క చదవడానికి కావాల్సిన చీకటి మాత్రం ఏటేటా తగ్గిపోతోంది.

అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ నేషనల్ పార్క్‌లో 2021 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. ఖగోళం తెలిసిన మనిషిని పిలిచి, పార్క్‌లోనే కొన్ని వారాలు ఇల్లిచ్చి ఉంచుతారు. శాస్త్రవేత్తలే కానక్కర్లేదు, టీచర్లు, కళాకారులు కూడా రావచ్చు. పగలు తమ పని చేసుకుంటారు, రాత్రి వచ్చిన జనానికి ఆకాశం చూపిస్తారు. అయితే ఆ పిలుపు కంటే ముందు ఇంకో పని జరిగింది. పార్క్‌లో ఉన్న వేల దీపాలను ఒక్కొక్కటిగా లెక్కగట్టి, వెలుగు పైకి పోకుండా మార్చారు. 2019లో దానికి, రాత్రి చీకటిని కాపాడే చోట్లకిచ్చే అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్ గుర్తింపు పూర్తిగా దక్కింది.

అలాంటి మనిషిని అమ్రాబాద్‌లో కూర్చోబెట్టాలన్నది నా వాదన. 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం ఇది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు దీని నడుమ నుంచే పోతుంది. రాత్రి తొమ్మిదికి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడుతుంది, మళ్లీ తెల్లారి ఆరుకే లేస్తుంది. జంతువులు బండ్ల కింద పడకూడదని పెట్టిన నిబంధన అది. దానివల్లే ఆ తొమ్మిది గంటలు అడవికి హెడ్‌లైట్ల బాధ లేదు. చీకటిని కాపాడదామని ఎవరూ అనుకోలేదు, అది దానంతటదే మిగిలిపోయింది. అలా మిగిలిన దానికి లెక్కా పత్రం ఉండదు కాబట్టి, పోయినా ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్, అంటే స్తంభాల మీద పోయే రోడ్డు, కట్టాలన్న ప్రతిపాదన నడుస్తోంది. కింద జంతువులు తిరుగుతాయి, పైన రాత్రంతా బండ్లు పోతాయి అంటున్నారు. స్తంభాలు నేలను ఎంత ఆక్రమిస్తాయో లెక్కేస్తారు. పైనుంచి పడే వెలుగును లెక్కేసే వాళ్లెవరు?

ఇది ఊరికే పడుతున్న భయం కాదు. ఇబ్రహీంపట్నం దాటాక జాపాల–రంగాపూర్ గుట్ట మీద ఉస్మానియా యూనివర్సిటీ వేధశాల ఉంది. 1968లో అక్కడ 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టారు. ఊరికి దూరం, ఆకాశం నల్లన, అందుకే ఆ గుట్టను ఎంచుకున్నారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఆ గుట్ట మీదుగానే పోయింది, దేశవిదేశాల శాస్త్రవేత్తలు వచ్చి చూశారు. అదే మధ్యాహ్నం మా అమ్మావాళ్లు తలుపులన్నీ మూసుకుని, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి కూర్చున్నారట. గుట్ట మీద టెలిస్కోపులు, కింద మూసిన తలుపులు. ఆ రెండింటి మధ్య నిలబడి, తెలుగులో, మన యాసలో చెప్పే మనిషి ఒక్కడుంటే అమ్మ కూడా ఆ గ్రహణం చూసేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత నగరం పెరుగుతూ గుట్ట దాకా వచ్చింది. ఆకాశం తెల్లబడి, ఆ టెలిస్కోప్‌కు పని తగ్గిపోయింది. అద్దం చెడిపోతే బాగు చేయించుకోవచ్చు, పోయిన చీకటిని ఏ కంపెనీ నుంచి తెప్పిస్తాం?

దేశంలో ఇది కొత్త ఆలోచనేమీ కాదు. లద్దాఖ్‌లోని హన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను 2022 డిసెంబర్‌లో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అక్కడ ఊళ్లోని యువతీయువకులకే శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు చేతికిచ్చారు. మనకు ఇంకా దగ్గరి పోలిక మహారాష్ట్రలోని పెంచ్. అదీ పులుల అడవే. 2024 జనవరిలో దేశంలోనే మొదటి డార్క్ స్కై పార్క్ అయింది, చుట్టుపక్కల పల్లెల్లో వీధిదీపాలు మార్చారు.

"కరెంటు కోసం ఇన్నేళ్లు ఎదురుచూసినోళ్లం, ఇప్పుడు లైట్లు ఆర్పుకోమంటారా?" అని ఊళ్లో ఎవరైనా అడిగితే ఆ మాటలో న్యాయముంది. పాములు తిరిగే బాటలు, చీకటి పడ్డాక ఇంటికి చేరే ఆడవాళ్లు, అన్నీ ఆలోచించాల్సిందే. కానీ ఎవరూ లైట్లు ఆర్పమనడం లేదు. దీపానికి పైన డొప్ప పెడితే వెలుగు మొత్తం బాట మీదే పడుతుంది. తెల్లటి ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ, అది గాలిలో ఎక్కువ చెదిరి ఆకాశమంతా పాకుతుంది, పురుగులను కూడా లాగుతుంది. పసుపు ఛాయ బల్బు వేస్తే ఆ బాధ చాలా తగ్గుతుంది. పాము అప్పుడూ కనపడుతుంది, ఇంకా బాగా కనపడుతుంది, ఎందుకంటే కంట్లో వెలుగు కొట్టదు.

వచ్చే మనిషి ఒంటరిగా పనిచేస్తే లాభం లేదు. మన్ననూరు సఫారీలో చెంచు యువకులు గైడ్లుగా పనిచేస్తున్నారు, అడవిని వాళ్లంత చదివినవాళ్లు లేరు. అతిథి వాళ్లకు టెలిస్కోప్ నేర్పాలి, తను వాళ్ల దగ్గర చుక్కల పేర్లు రాసుకోవాలి. పిల్లలను నారాయణపేట జిల్లా ముడుమాల్‌కూ తీసుకుపోవాలి. కృష్ణ ఒడ్డున నిలువురాళ్ల మధ్య, ఒక రాతి మీద గుంటలుగా సప్తర్షి మండలాన్ని చెక్కిన చోటు అది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. వేల ఏళ్ల కింద ఎవరో పైకి చూసి రాయిని తొలిచిన గుంటలో పిల్లలు వేలు పెట్టి చూస్తే, ఏ పాఠం చెప్పనక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఇది నైట్ సఫారీ కాకూడదు. రాత్రి అడవి జంతువులది, ఆ గేటు అలాగే పడాలి. ఆకాశం చూడటానికి లోపలికి పోనక్కర్లేదు, అంచున ఒక గది, ఒక డాబా చాలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అమావాస్య వారాలకు మనిషిని పిలిస్తే సరిపోతుంది. వానాకాలంలో ఎలాగూ మబ్బే.

వచ్చినవాళ్లు చేయాల్సిన మొదటి పని కూడా చిన్నదే. అరచేతిలో పట్టే స్కై క్వాలిటీ మీటర్ ఒకటి ఉంటుంది. నడినెత్తికి గురిపెట్టి నొక్కితే ఆకాశం ఎంత నల్లగా ఉందో అంకె చూపిస్తుంది. మచ్చలేని చీకటికి 22 దగ్గర, పెద్ద నగరాల్లో 17, 18. మన్ననూరు, అమ్రాబాద్, పదర, దోమలపెంట, నాలుగు చోట్ల నెలకోసారి ఆ అంకె రాసి ఊరి పంచాయతీ గోడ మీద పెట్టాలి. కారిడార్ ఫైలు కదిలేలోపే ఆ గోడల మీద కనీసం ఒక ఏడాది అంకెలు ఉండాలి.