సేటుకు న్యాయం కావాలె!

కొనేవాడికి చట్టముంది, కమిషనుంది, 1915 అని హెల్ప్‌లైనూ ఉంది. పాపం, హన్మకొండ చౌరస్తాలో గల్లాపెట్టె ముందు కూర్చున్న సేటుకేముంది?

మన సేటు న్యాయశాస్త్రమంతా బిల్లు అడుగున ఒక్క ముక్కలో ఉంటుంది: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.' చీర ఒక్క ఉతుకుకే రంగు దిగినా, మిక్సీ మూడోనాడే కాలి కంపు కొట్టినా, వేలు పెట్టి అదే చూపిస్తాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టానికి ఇది నచ్చలేదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోననడం అక్రమ వ్యాపారమేనట. అసలు బిల్లే ఇవ్వకపోయినా అక్రమమేనట. పార్లమెంటుకు ఇంత కక్ష ఏమిటో!

పైగా కొన్నాయన మంచిర్యాలలో ఉంటే అక్కడే కేసు వేసుకోవచ్చు. సరుకుకు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. నోటీసొస్తే సేటు దాన్ని లక్ష్మీదేవి పటం వెనక దోపుతాడు. జవాబుకు 30 రోజులు, బతిమాలితే ఇంకో 15. ఆపైన ఒక్కరోజూ కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లోనే తేల్చింది. సేటు 46వ రోజున వకీలు దగ్గరికి బయల్దేరతాడు.

"సేటూ, గప్పుడే మిక్సీ మార్చిస్తే అయిపోవు గదా!"

"గంత మాటకు మీకు ఫీజెందుకు సార్?"

నిజమే. ఉచిత సలహాకు విలువుండదు.

పోటీ చట్టం సంగతి మరీ ఘోరం. పదిమంది సేట్లు చాయ్ తాగుతూ 'రేపటిసంది అందరిది ఒక్కటే రేటు, ఎవ్వలూ తగ్గియ్యద్దు' అనుకుంటే మనం ఐకమత్యమని మెచ్చుకుంటాం. 2002 నాటి చట్టం కార్టెల్, అంటే వ్యాపారుల కుమ్మక్కు, అంటుంది. మనవాళ్లు దాచే రకమూ కాదు. సంఘంలో తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టి, స్టాంపు కూడా గుద్దుతారు. దర్యాప్తు అధికారుల మీద ఇంత దయ ఇంకెవరికుంటుంది? జరిమానా మాత్రం కార్టెల్ నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడింతలు, లేదా టర్నోవర్‌లో 10 శాతం. ఏది ఎక్కువైతే అంతదాకా వేయొచ్చు.

అన్నిటికన్నా దుర్మార్గం, ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్‌కు ముందుగా గుట్టు విప్పినవాడికి జరిమానాలో నూటికి నూరు దాకా మాఫీ. రెండోవాడికి 50 శాతం దాకా, ఆ తర్వాతివాళ్లకు 30 దాకా. అన్నదమ్ముల్లాంటి వ్యాపారుల మధ్య చిచ్చు పెట్టడం కాదా ఇది? ఒకనాటి పొద్దున కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన సంఘం అధ్యక్షుడికి అదే బోగీలో కార్యదర్శి కనబడతాడు. ఇద్దరి చంకలోనూ ఫైళ్లే. ఇద్దరూ ఢిల్లీలో బంధువుల పెళ్లికేనంటారు. కోశాధికారి మాత్రం ఏ పెళ్లికీ పోలేదు. కాంపిటీషన్ కమిషన్‌కు రాత్రే ఈమెయిల్ కొట్టి పడుకున్నాడు.